మూడు పెట్టెలు, ఒకే కొలత తిత్తి

చెక్క ఎండిందో లేదో తెలియాలంటే దాన్ని చెంపకు ఆనించి చూడాలి. చేతికి తెలియదు. పని చేసే చెయ్యి మొద్దుబారి ఉంటుంది. చెంప అబద్ధం చెప్పదు. పచ్చి చెక్క చెంపకు చల్లగా తగులుతుంది, ఎండిన చెక్క ఏమీ అనదు, ఊరికే ఉంటుంది. ఇది నాకు మా బాపు నేర్పాడు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని నేను. చదివిన పాఠం ఒక్కటీ గుర్తులేదు గానీ ఇది మాత్రం మరిచిపోలేదు. ఈ మధ్య సిరిసిల్లలో మా మనవరాలు శ్రీజ షెడ్డులో ఒక గిటారు మెడను అట్లాగే చెంపకు ఆనించుకున్నాను. చల్లగా తగిలింది. అప్పటి నుంచి కోరుట్లలోని మా పాత ఇల్లు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందుకే రాస్తున్నాను.

శ్రీజ నా పెద్దబిడ్డ కూతురు. పట్నంలో చదువుకుంది, అక్కడే ఎవరి దగ్గరో గిటార్లు బాగుచేయడం నేర్చుకుంది. తర్వాత సిరిసిల్లకు వచ్చి, యజమాని మరమగ్గాలు అమ్ముకొని ఖాళీగా పెట్టుకున్న ఒక షెడ్డు అద్దెకు తీసుకుంది. సదానందం అనే వడ్ల పనివాణ్ని తోడు పెట్టుకొని కరెంటు గిటార్లు చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. నేనేమీ అనలేదు. పని చూడకుండా పని గురించి మాట్లాడడం నాకు అలవాటు లేదు. ఏడాది ఆగి, జగిత్యాలలో బస్సెక్కి, వేములవాడ మీదుగా పోయి చూశాను. బువ్వ ఇంటి నుంచే కట్టుకుపోయాను. బయట కొనుక్కొని తినే అలవాటు కూడా నాకు లేదు.

షెడ్డు తలుపు తీయగానే టేకు పొట్టు వాసన వచ్చింది, దాని మీద లక్క వాసన. అవి రెండూ కలిసి నా ముక్కుకు తగిలి ఎన్ని ఏళ్లయిందో. గడప దగ్గరే ఆగిపోయాను.

"ఏమైందే అమ్మమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అంది శ్రీజ.

"కండ్లేం తిరుగుతలెవ్వు. పని చూపెట్టు," అన్నాను.

ఈ కరెంటు గిటారుకు డొల్ల కడుపు ఉండదు. నిండు చెక్క. తీగల కింద అయస్కాంతాలు ఉంటాయి, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్లు చుట్లుగా ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలిక వైరులోంచి పోయి స్పీకర్లో మోగుతుందట. ఆ రాగి తీగను శ్రీజ చుట్టేది కొత్త మిషనుతో కాదు, షెడ్డులో మిగిలిపోయిన కండెలు చుట్టే మిషనుతోనే. నూలు చుట్టిన చోటే రాగి చుడుతోంది. నాకు సంతోషం వేసింది. ఉన్నదానితో పని జరుపుకుంటున్నది కదా అని. గోడకు మూడు గిటార్లు వరుసగా వేలాడుతున్నాయి. పోలికలో అక్కచెల్లెళ్ల లాగున్నాయి గానీ, చూడగానే ఏది పెద్దింటికి పోయిందో ఏది పేదింటికి పోయిందో తెలుస్తున్నది.

"గీ చివరిది ఆర్డర్ మీద చేసేది అమ్మమ్మా. కావల్సినోళ్లు వాళ్ల చెయ్యి కాయితం మీద పెట్టి గీసి పంపుతరు. మెడ ఎంత లావుండాలె, ఏ చెక్క, ఏ రంగు, అన్ని వాళ్ల ఇష్టమే. ఒక్కటి చేసేసరికి నెల దాటుతది. గీ నడిమిది స్టాండర్డ్. ఒక్కటే కొలత, రెండే రంగులు. గిది అమ్ముడువోతెనే షెడ్డు నడుస్తది. గీ మొదటిది బడ్జెట్, అగ్గువ ధరది. కొత్తగ నేర్చుకునే పోరగాండ్ల కోసం."

"ఆర్డర్‌దానికి బాగ మిగులుతదా?"

"ఏం మిగలదు. పేరస్తది. దాని ఫోటో పెడితె దాన్ని చూసి నడిమిది కొంటరు. అగ్గువ దాంట్ల గూడ ఏం మిగలదు. గని దాని మీద నేర్చినోడు రేపు నడిమి దానికి మన దగ్గరికే అస్తడు."

ఈ మాటలు నేను విన్నవే. గిటారు అన్న పేరు కూడా తెలియని మనిషి నోట, కోరుట్లలో, సరేసు బంక కంపు నడుమ విన్నాను. అందుకే అసలు అడగవలసింది అడిగాను.

"అగ్గువ దాంట్ల ఎక్కడ కోసినవ్?"

శ్రీజ దాచలేదు. రంగు ఒక్క పూతే వేసిందట. ఒంటి చెక్కకు బదులు రెండు ముక్కలు అతికించిందట. తీగలు బిగించే చెవులు మామూలువి పెట్టిందట. అన్నీ సరే అనుకున్నాను. అప్పుడు దాన్ని కిందికి దించి మెడను చెంపకు ఆనించాను.

"సల్లగున్నది," అన్నాను.

శ్రీజ సదానందం వైపు చూసింది. సదానందం చిత్రిక పడుతున్న చెక్క మీదికి ఇంకా వంగాడు.

"కొత్త చెక్కనే అమ్మమ్మా. ఎండినది కొద్దిగనే ఉన్నది. దాన్ని ఆర్డర్‌కు, స్టాండర్డ్‌కు ఆపిన. మెడ లోపట ఇనుప కడ్డీ ఉంటది. రేపు మెడ వంగితె కడ్డీని తిప్పి సరి చేస్కోవచ్చు."

"ఎవలు తిప్పుతరు? మొన్న మొన్న నేర్చుకునే పిల్లలా?"

"పైకి ఏం కనవడది అమ్మమ్మా. లోపట ఎవలు సూస్తరు?"

అట్లాంటివి పది తయారై గోడవార నిలబెట్టి ఉన్నాయి. వచ్చే వారం జగిత్యాలలో ఒక సంగీతం క్లాసుకు పోవాలట. ముందున్నది ఎండాకాలం, పచ్చి మెడ ఎండి వంగే కాలం. నేను స్టూలు లాక్కొని కూర్చున్నాను. పచ్చి చెక్కకు కోపం వచ్చి కాదు. శ్రీజ అన్న ఆ ఆఖరి మాట నాది. పన్నెండేళ్లయినా నిండనప్పుడు నేను అన్నది.

మాది నేత ఇల్లు. తాత సిరిసిల్లలో మగ్గం గుంటలోనే బతికి అందులోనే ముసలివాడయ్యాడు. బాపు పేరు రాజేశం. ఆయనకు నేత కంటే మగ్గం చెక్కలు బాగుచేయడం మీదే ధ్యాస. ఎవరో భజన వాళ్ల హార్మోనియం పాడైతే విప్పి చూశాడట, ఇంక గుంటలోకి దిగలేదు. పెండ్లయ్యాక కోరుట్లకు వచ్చి హార్మోనియంలు చేయడమే పనిగా పెట్టుకున్నాడు. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పెట్టె అనేవాళ్లం. పొద్దున్నే మా వాకిట్లో రెండు పొయ్యిలు వెలిగేవి. ఒకటి బువ్వకు, ఒకటి సరేసుకు. తోళ్లు, ఎముకలు ఉడికించి చేసే ఆ బంక కరుగుతుంటే వచ్చే కంపు అంతా ఇంతా కాదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మా అవ్వ, నన్ను కన్నతల్లి, రోజూ ఒకే మాట అనేది: "సంబంధం చూసినప్పుడు మీసాలు చూసిండ్రు, ఇల్లు చూసిండ్రు, గీ కంపు సంగతి ఒక్కడు చెప్పలె." బాపు వినేవాడు కాదు. చుట్టాలు వస్తే మా ఇంట్లో చాయ తాగేవారు గానీ బువ్వకు ఆగేవారు కాదు. మాకు మాత్రం ఆ కంపులోనే ఆకలయ్యేది.

మధ్యాహ్నం బాపు స్వరాలు సరిచేసే పూట. పెట్టెలో ఇత్తడి రీడ్లు ఉంటాయి, నాలుకల లాంటివి. కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట గీకితే కిందికి దిగుతుంది. గీకడం అంటే గోటితో దుమ్ము తీసినంతే. ఒక్క గీత ఎక్కువైతే ఆ రీడు పాడైనట్టే. ఆ పూట ఇంట్లో చప్పుడు కాకూడదు. అవ్వ తిరుగలి ఆపేసేది, కోళ్లను వాకిట్లోంచి వెళ్లగొట్టేది. పక్కింటి నర్సవ్వ కూడా అలవాటైపోయి రోలు దగ్గరి నుంచి లేచి వచ్చి మా అరుగు మీద కూర్చొని కళ్లతోనే ముచ్చట పెట్టేది. బాపు దగ్గేదుంటే ముందే దగ్గి, నీళ్లు తాగి, అప్పుడు కూర్చునేవాడు. ఈ రోజుల్లో మా ఇంట్లో ఫోను, టీవీ, మిక్సీ మూడూ ఒకేసారి మోగుతుంటాయి. ఎవరికీ ఏమీ వినబడదు, ఎవరూ ఆపమనరు.

బాపు కూడా మూడు రకాల పెట్టెలే చేసేవాడు. ఆర్డర్ పెట్టె చేయించుకునే మనిషిని ముందు కూర్చోబెట్టి ఒక పాట పాడించుకునేవాడు. గొంతు ఎంత పైకి పోతుందో విని, వేళ్లు ఎంత చాపగలడో చూసి, అప్పుడు చెక్క ముట్టేవాడు. దానికి ముందు వైపు పూల చెక్కడం, ఇత్తడి పిడులు, అద్దంలాంటి లక్క పూత. మామూలు పెట్టె నున్నటి టేకుతో ఉండేది, చెక్కడం ఉండదు. భజన మండళ్ల వాళ్లు అదే తీసుకునేవారు, ఏడాది పొడుగునా అదే మా పొయ్యి మండించేది. అగ్గువ పెట్టెకు అడుగు చెక్క సామాన్ల డబ్బాలది, పూతకు బదులు నూనె రుద్దడమే, మూత కూడా ఉండదు. భాగోతం ఆడేవాళ్లు, ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్లు అది తీసుకునేవారు. అయితే మూడింటికీ రీడ్లు ఒకటే. తిత్తికి మేకతోలు ఒకటే. గాలి కొట్టే ఆ తిత్తి కొలత కూడా మూడింటికీ ఒకటే. మిగతా పనివాళ్లు తిత్తిని సరేసుతో పెట్టెకు అంటించేసేవారు. బాపు దాన్ని ఒక చట్రానికి కట్టి, ఆ చట్రాన్ని ఆరు స్క్రూలతో పెట్టెకు బిగించేవాడు. ఎందుకని అడిగితే, "మనిషికి ఊపిరి పోతె ఏం చెయ్యలేం. పెట్టెకు పోతె మార్చేటట్టు ఉండాలె" అనేవాడు. ఆర్డర్ పెట్టె పేరు తెస్తుందని బాపు అంటే, పేరును వండుక తింటమా అని అవ్వ అనేది. వండుకునేది మామూలు పెట్టె తెస్తది, రేపటి గిరాకిని అగ్గువ పెట్టె తెస్తది, ఏ ఒక్కటి ఆపినా మిగతా రెండు కుంటుతాయి అని బాపు లెక్క.

బడి మానేశాక ఆ తిత్తి పని నాకు వచ్చింది. అట్టను మడతలు మడతలుగా చేసి, ఆ మడతల మూలల్లో గాలి పోకుండా పలుచటి మేకతోలు ముక్కలు అంటించాలి. పైన గుడ్డ వస్తుంది కాబట్టి ఆ తోలు ఎవరికీ కనబడదు. తోలు కోయడానికి బాపు నాకు ఒక చిన్న కత్తి చేసిచ్చాడు, నా పిడికిలికి సరిపోయే పిడితో. అది పక్కన పెట్టుకొని బాపు చాప మీద కూర్చుంటే నాకు బడి గుర్తుకు వచ్చేది కాదు. నా ఈడు పిల్లలందరూ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవారు. పొద్దంతా ఆకు కత్తిరించడం, తంబాకు దుమ్ములో దగ్గడం. నేను మాత్రం పెట్టెలు చేసే మనిషిని అనుకునేదాన్ని. నా గర్వం ఎంతదంటే, బాపును కూడా మెప్పించాలనుకున్నాను.

మెప్పించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, పొదుపు. అది అవ్వ దగ్గర నేర్చుకున్నది. అవ్వ అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసేది. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించేది. ఆ ఏడు జగిత్యాల బజారులో బట్టల దుకాణం సేటు ఒకాయన ఆర్డర్ పెట్టె అడిగాడు. అదే సమయంలో మేడిపల్లి దిక్కు నుంచి మల్లయ్య అనే ఆయన తన భాగోతం మేళానికి అగ్గువ పెట్టె అడిగాడు. రెండు తిత్తులూ నా ముందే ఉన్నాయి. తోలు చూస్తే తక్కువ ఉంది. సేటు పెట్టెకు మంచి తోలు రెండు పొరలు వేశాను. మల్లయ్య పెట్టె మూలలకు గంజి పట్టిన గుడ్డ ముక్కలు కోసి, సరేసు పట్టించి అంటించాను. పైన గుడ్డ కప్పాక రెండూ ఒక్క తీరుగా ఉన్నాయి. అవ్వ చూసింది. "లోపట ఎవలు సూస్తరే అవ్వా," అన్నాను. అవ్వ మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. బాపు తిత్తి కొట్టి చూస్తే గాలి నిలిచింది. మిగిలిన తోలు చూసి, "గింత తోలు ఎట్ల మిగిల్చినవ్ బిడ్డా!" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

నెల తిరగకముందే ఒక పొద్దున మల్లయ్య పెట్టెను నెత్తి మీద పెట్టుకొని వచ్చాడు. దించి, తువ్వాలతో మొఖం తుడుచుకొని, అరుగు మీద కూర్చున్నాడు.

"రాజేశమన్నా, నా ఇజ్జత్ పోయిందే. రాజు వేషం వచ్చే ఘడియకు పెట్టె బుస్సుమన్నది. నేను కొడ్తనే ఉన్న, గాలి పోతనే ఉన్నది. ముంగట కూసున్న ముసలోడు లేసి, 'మల్లయ్యా, నీ పెట్టెకు దమ్ము లేసింది, దవాఖానకు తీస్కపో' అన్నడు. ఊరు ఊరంత నవ్వింది. రాజు వేషగాడు నవ్వులల్ల పద్యం మర్చిపోయిండు."

నవ్వు వచ్చే తీరుగానే చెప్పాడు గానీ ఆయన నవ్వలేదు. బాపు ఆరు స్క్రూలు విప్పి, తిత్తిని ఎండకు పట్టుకొని పై గుడ్డ చీల్చాడు. మూలలన్నీ పగిలి ఉన్నాయి. గంజి గుడ్డ మడత పడ్డ చోటల్లా విరిగిపోయింది.

"గిది ఎవలు జేసిండ్రు?" అన్నాడు బాపు. తిత్తి పని నాదేనని ఆయనకు తెలియక కాదు.

"నేనే బాపూ," అన్నాను.

అవ్వ పొయ్యి దగ్గరి నుంచే, "చిన్నపిల్ల, తెల్వక చేసింది. అయినా అగ్గువకు ఇచ్చినదానికి గంతకంటె ఏమస్తది?" అంది.

మల్లయ్య అవ్వ వైపు తిరిగాడు. కోపంగా కూడా అనలేదు. "అక్కా, నేను అగ్గువ పెట్టె అడిగిన. ఓటి పెట్టె అడగలె."

మల్లయ్యకు మర్నాడు ఇంకో ఊళ్లో ఆట ఉంది, ఆ తర్వాత వరుసగా ఊళ్లున్నాయి. కొత్త తిత్తి చేస్తే సరేసు ఆరడానికే రోజులు పడతాయి. బాపు లేచి, తెల్లటి గుడ్డ కప్పి పెట్టిన సేటు పెట్టెను తెచ్చాడు. దాని తిత్తి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో, రేపు సేటుకు ఇస్తనని చెప్పినవు గదా!" అంది అవ్వ.

"చెప్పిన. రేపు పోయి, లేదని గూడ చెప్త."

కొలత ఒకటే కాబట్టి సేటు తిత్తి మల్లయ్య పెట్టెకు అతికినట్టు కూర్చుంది. మల్లయ్య రెండుసార్లు కొట్టి చూసి, పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ఆయన పోయాక బాపు నా పక్కనున్న కత్తి తీసి దూలం మీద పెట్టాడు.

"నీ చేతుల తప్పు లేదు బిడ్డా. నువ్వు మనిషిని సూసి తోలు కోసినవ్," అన్నాడు. అంతే. కొట్టలేదు. కొడితే బాగుండేది.

మర్నాడు నన్ను తీసుకొని జగిత్యాలకు బస్సెక్కాడు. దుకాణంలో గిరాకీ ముందే నన్ను నిలబెట్టి, "జరిగింది నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. మధ్యలో ఆగబోతే బాపు ఆగనివ్వలేదు. సేటు అంతా విని, "నా పెట్టె ఊపిరి తీసి భాగోతులోనికి వెట్టినవా రాజేశం?" అన్నాడు.

"పదిహేను రోజులల్ల కొత్తది చేసి తెస్త సేటు. గట్లనే ఉంటది, ఏం తేడా ఉండది."

"తేడా ఉండదంటె మరి నేను ఆర్డర్ ఇచ్చుడెందుకు? నువ్వు గా భాగోతులోళ్ల పెట్టెలే చేస్కో పో."

ఆ పెట్టె మాకే మిగిలింది. పూల చెక్కడం, ఇత్తడి పిడులు, ఊపిరి లేదు. మా అర్రలో గూట్లో కూర్చొని ఎండాకాలమంతా నన్ను చూసింది. నా ఒళ్లోకి చాట వచ్చింది. "కత్తి పోతె పోయింది, కత్తెర ఉన్నది గదా," అని అవ్వ నాకు బీడీ ఆకు కత్తిరించడం నేర్పింది. చెయ్యి త్వరగానే తిరిగింది. చుట్టుపక్కల పిల్లలు నన్ను కలుపుకున్నారు. ముచ్చట్లు చెప్పుకునేవాళ్లం. అయినా మధ్యాహ్నం బాపు స్వరాలు సరిచేసే పూట కత్తెర ఆపి, చెవులు అటు పెట్టి కూర్చునేదాన్ని. తిత్తి పని ఇప్పుడు బాపే చేసుకుంటున్నాడు, ఆయన మోటు వేళ్లతో. మూలలు సరిగా రావడం లేదని నాకు దూరం నుంచే తెలిసేది. పిలవలేదు. నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఆటల కాలం అయిపోయాక మల్లయ్య మళ్లీ వచ్చాడు, పెట్టె నెత్తిన పెట్టుకొని. ఒళ్లోని చాట కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"ఏం లేదు రాజేశమన్నా," అన్నాడాయన. "గీ తిత్తి సేటుది గదా. నా ఆటలు అయిపోయినయ్. ఆయన తిత్తి ఆయనకు పెట్టియ్యి, నాది నాకు బాగుచేసియ్యి."

బాపు ఆయన నెత్తి మీది పెట్టెను దించి చాప మీద పెట్టాడు. తర్వాత నన్ను పిలిచాడు. "విప్పు," అన్నాడు.

ఆరు స్క్రూలు విప్పాను. తిత్తిని ఎండకు పట్టుకొని మూల మూల చూశాను. దుమ్ము ఉంది, చెమట మరకలున్నాయి, పై గుడ్డ రంగు పోయింది. తోలు ఒక్క చోట కూడా లేవలేదు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది బాపూ."

"అయితె మల్లన్న పెట్టెకే బిగించు. అది గాడ అలవాటు పడ్డది." దూలం మీది కత్తి తీశాడు. దుమ్ము పట్టిన పిడిని పంచెకు తుడిచాడు. "గూట్లో ఉన్నదానికి కొత్త తిత్తి చెయ్యి. ఎవలు కొంటరో నాకు తెల్వది. నీకు తెల్వద్దు గూడ."

ఎవరిదో తెలియని పెట్టెకు తోలు కోయడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. చేతికి ఎదురుగా ఏ ముఖమూ ఉండదు, తోలు ఒక్కటే ఉంటుంది. ఆ తర్వాత ఆ పెట్టె మల్యాల దగ్గరి ఒక భజన మండలికి పోయింది. మా బాపు పోయేదాకా, నాకు పెండ్లయ్యేదాకా కాదు, ఆయన పోయేదాకా, పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ తిత్తులు నేనే చేసిచ్చి పోయేదాన్ని.

నా పిసినారితనం మాత్రం పోలేదు. దాని జాగా మారింది. జగిత్యాలలో మా ఇంటి గోడలకు ఇప్పటికీ రంగు లేదు, పునాది మాత్రం చూసినవాళ్లు ఇంత లోతెందుకు అన్నారు. నా బిడ్డల లంగాలకు అంచు పెట్టలేదు గానీ కుట్టు రెండు వరసలు వేయించాను. ఇప్పుడు బజారులో చూస్తే అంతా తిరగబడి ఉంది. కుర్చీ మెరుస్తుంటుంది, కూర్చుంటే కాలు విరుగుతుంది. అగ్గువకు కొన్నాం కదా అని విరిగినదాన్ని పారేసి ఇంకోటి తెస్తారు. అగ్గువ అంటేనే ఓటిది అని అందరూ ఒప్పుకున్నట్టున్నారు. మల్లయ్య ఒప్పుకోలేదు. నెత్తి మీద పెట్టుకొని వెనక్కి తెచ్చాడు. నలుగురు నవ్వినందుకు ఒకసారి, ఇంకొకరి సొమ్ము తన దగ్గర ఉన్నందుకు ఒకసారి.

ఇదంతా స్టూలు మీద కూర్చొని శ్రీజకు చెప్పాను. మందలించలేదు. చెప్పి, తెచ్చుకున్న బువ్వ డబ్బా తీసి తిన్నాను. సదానందం ఎప్పుడో చిత్రిక ఆపేశాడు. నేను చెయ్యి కడుక్కొని వచ్చేసరికి శ్రీజ గోడవార ఉన్న పది గిటార్ల ముందు నిలబడి ఉంది.

"మెడ కొలత మూడింటికి ఒక్కటేనా?" అని అడిగాను.

"ఆర్డర్ దానికి అంటించేస్తం. గీ రెండింటికి ఒక్కటే. నాలుగు స్క్రూలు."

సదానందానికి నా ప్రశ్న ఎటు పోతుందో తెలిసిపోయింది. "అమ్మా, గిప్పుడు స్టాండర్డ్ మెడలు దీనికి వెడితె, మల్ల స్టాండర్డ్‌కు యేడికెల్లి తెస్తం? ఎండిన చెక్క వానలు వడ్డంక గని రాదు," అన్నాడు.

"ఆగుతరు," అంది శ్రీజ. నాతో కాదు, అతనితో. గొంతులో భయం ఉంది. నడిమిది ఆగితే షెడ్డు ఎట్లా నడుస్తుందో నాకూ తెలియదు. "నడిమిది కొనేటోళ్లకు ఫోన్ చేసి నేనే చెప్త. ఆలస్యమైతదని."

అయితే నిజమే చెప్పు, చెక్క సంగతి కూడా చెప్పు అన్నాను. తల ఊపింది. పొద్దు గుంకేలోపు, స్టాండర్డ్ కోసం చేసిపెట్టిన ఎండిన మెడలతో పది మెడలూ మార్చారు. విప్పిన స్క్రూలు కింద పడి పోకుండా నేను కొంగులో పట్టుకున్నాను. నలభైలో ఒక్కటి కూడా పోనివ్వలేదు.

విప్పిన పచ్చి మెడలను సదానందం ఒక మూలకు తోయబోతే వద్దన్నాను. పాత చీర చింపి కట్టగట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని జగిత్యాలకు తెచ్చాను. కండక్టరు, "ఏందవ్వా గవి, క్రికెట్ బ్యాట్లా?" అన్నాడు. ఇప్పుడవి మా అటక మీద ఉన్నాయి, ఎండ తగలకుండా, గాలి తగిలేటట్టు, ఒకదాని మీద ఒకటి ఆనకుండా. వారానికొకసారి ఒకటి దించి చెంపకు పెట్టుకుంటాను. శ్రీజ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. నా ఆరోగ్యం అడగదు, అది అడిగితే నాకు కోపమని తెలుసు.

"ఎట్లున్నయ్ అమ్మమ్మా?"

"ఇంక సల్లగనే ఉన్నయ్ బిడ్డా. ఆగు."